తళుకు చూసి కొంటే తలకు మించిన భారం
ఫొటో ఎడిటింగ్‌కు ల్యాప్‌టాప్ ఎంపికలో మెలకువ అవసరం
తెర, ర్యామ్, ఎస్‌ఎస్‌డీలకే తొలి ప్రాధాన్యం

అనంతపురం: మాఘం మొదలుకొని జ్యేష్ఠం దాకా పెళ్లి ముహూర్తాలు ముమ్మరం. కల్యాణ మండపాలలో బాజాలు మోగే రోజులలో వీధి చివరి ఫొటో స్టూడియోలో అర్ధరాత్రి దాటినా దీపం ఆరదు. ఉదయం ఒక ఊరిలో తాళికట్టు, సాయంత్రం మరో ఊరిలో విందు. తీసిన వేలాది చిత్రాలను ఏరి, రంగులు సరిదిద్ది, ఆల్బమ్‌గా కూర్చి ఒప్పుకున్న గడువులోగా అందజేయాలి. ఇంత పనికీ ఆధారం ఒక్క ల్యాప్‌టాప్. అది మొరాయిస్తే రావలసిన బాకీ ఆగిపోతుంది. అది చూపిన రంగు తప్పయితే అచ్చయిన ఆల్బమ్ వెనక్కు వస్తుంది.

వర్షాధారంగా వేరుశనగ పండించే అనంత పీఠభూమిలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది. పంట చేతికి రాని సంవత్సరం పెళ్లిళ్లు వాయిదా పడతాయి, జరిగినవి కూడా క్లుప్తంగా ముగుస్తాయి. దాంతో స్టూడియో రాబడి కూడా వానతో ముడిపడి ఉంటుంది. మూఢాలు, శూన్యమాసాలు పోగా మిగిలిన కొద్ది నెలల సంపాదనతోనే ఏడాదంతా నెట్టుకురావాలి. ఇటువంటి చోట ల్యాప్‌టాప్ కొనుగోలు చిన్న విషయం కాదు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై 70 వేలు తెచ్చి కొన్నారనుకుంటే నెలకు 1,400 రూపాయలు, ఏడాదికి 16,800 రూపాయలు వడ్డీకే పోతుంది. ఆ యంత్రం పనికిరానిదయితే అసలూ వడ్డీ రెండూ మీద పడతాయి.

దుకాణంలో మాత్రం మాటలు మరో తీరున ఉంటాయి. 'గేమింగ్ మోడల్', 'గ్రాఫిక్స్ కార్డు', 'ఐ7' అన్న పేర్లకు ధర పలుకుతుంది. కీబోర్డు కింద ఎర్ర, నీలి దీపాలు వెలుగుతుంటే అదే గొప్పదన్న భ్రమ కలుగుతుంది. ఫొటో పనికి మాత్రం పైసలు పెట్టవలసిన వరుస వేరు. ముందు తెర, తరువాత ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఆ తరువాత ప్రాసెసర్, చివరన గ్రాఫిక్స్ కార్డు. వీటన్నింటితో పాటు తీసిన చిత్రాలను భద్రపరచేందుకు కొంత సొమ్మును ముందే పక్కన పెట్టాలి. ఈ వరుస ఎందుకన్నది పనిలోని లెక్కలే చెబుతాయి.

ఆల్బమ్ షీటు బరువెంత?

పెళ్లి ఆల్బమ్‌లలో 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు గల షీట్లు వాడుకలో ఉన్నాయి. అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్కిస్తే ఒక షీటు 3,600 చుక్కల ఎత్తు, 10,800 చుక్కల వెడల్పు ఉంటుంది. అంటే 3 కోట్ల 88 లక్షలకు పైగా చుక్కలు. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు విలువలు ఉంటాయి. ఈ లెక్కన ఫొటోషాప్‌లో తెరిచిన ఖాళీ షీటు ఒక్కటే 110 ఎంబీకి మించి జ్ఞాపకశక్తిని ఆక్రమిస్తుంది. దానిపై వధూవరుల చిత్రాలు, నేపథ్యం, పూల అంచులు, నీడలు, పేర్లు ఒక్కొక్కటీ ఒక్కో పొరగా చేరతాయి. పొరలు పెరిగేకొద్దీ షీటు బరువు అర జీబీ దాటడం సాధారణమే. చేసిన మార్పును వెనక్కు తీసుకునే వీలు కోసం సాఫ్ట్‌వేర్ పాత దశలను కూడా గుర్తుంచుకుంటుంది. ఇవన్నీ నిలిచే చోటే ర్యామ్.

ర్యామ్ చాలనప్పుడు కంప్యూటర్ ఆగిపోదు. మిగిలిన భారాన్ని డిస్కుపైకి నెడుతుంది. డిస్కు ఎంత వేగవంతమైనదైనా ర్యామ్‌తో సరితూగదు. కనుకనే బ్రష్ కదిపిన కొన్ని క్షణాలకు గాని తెరపై గీత కనిపించదు. ఒక్కో షీటు వద్ద ఐదు నిమిషాల జాప్యం జరిగినా 30 షీట్ల ఆల్బమ్‌కు రెండున్నర గంటలు వృథా. ముహూర్తాల రోజులలో ఆ రెండున్నర గంటలు నిద్రలో నుంచే పోతాయి.

ఫొటోషాప్‌ను రూపొందించిన అడోబ్ సంస్థ కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలని, 16 జీబీ ఉంటే మేలని పేర్కొంటోంది. 8 జీబీలో విండోస్, బ్రౌజర్ కొంత తీసుకోగా మిగిలేది ఫోన్ సైజు ఫొటోలకు సరిపోవచ్చు గాని ఆల్బమ్ షీట్లకు చాలదు. 16 జీబీనే కనీసంగా భావించాలి. ఆల్బమ్‌లతో పాటు వీడియో కూర్పు కూడా ఉంటే 32 జీబీ సార్థకమవుతుంది.

ఇక్కడే ఒక కిటుకు ఉంది. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది. తరువాత పెంచుకునే వీలుండదు. మరికొన్నింటిలో ఖాళీ స్లాటు ఉంటుంది. ఇప్పుడు 16 జీబీతో కొని, వచ్చే సీజన్ సంపాదనతో మరో 16 జీబీ చేర్చుకోవచ్చు. అప్పు తక్కువతో మొదలుపెట్టాలనుకునేవారికి స్లాటు ఉన్న మోడలే శ్రేయస్కరం. అయితే 2025 చివరి నుంచి కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ మూలంగా ప్రపంచమంతటా ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కనుక తరువాత చేర్చుకోవడం చౌక అన్న పాత లెక్కను నమ్ముకోక, కొనేనాటి ధరలు విచారించి నిర్ణయించుకోవాలి. ఆపిల్ మ్యాక్‌బుక్‌లలో ర్యామ్‌ను తరువాత పెంచే అవకాశమే లేదు. 2024 అక్టోబరుకు ముందు కొన్న మ్యాక్‌బుక్ ఎయిర్ ప్రాథమిక మోడళ్లలో 8 జీబీయే ఉండేది. పాత సరుకు కొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రంగు చెప్పేది తెరే

విభజనకు పూర్వం అనంతపురం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన ధర్మవరం పట్టుచీరలకు పెట్టింది పేరు. పడుగు ఒక రంగు, పేక మరో రంగు వేసి నేసిన చీర ఒక వైపు నుంచి చూస్తే ఒక ఛాయ, మరో వైపు నుంచి చూస్తే వేరొక ఛాయ చూపుతుంది. వెడల్పాటి అంచు, జరీ మెరుపు సరేసరి. ఫోన్లలో ఫొటో చూసి చీర ఎంచుకునే కాలమిది. ఫొటోలో నెమలికంఠం రంగు కనిపించి, ఇంటికి వచ్చినది ఆకుపచ్చ అయితే చీర తిరుగుముఖం పడుతుంది. రోజుల తరబడి మగ్గంపై శ్రమించిన నేతకారుని సరుకు నిలిచిపోతుంది. నేతలో లోపం లేకున్నా తెర చేసిన తప్పుకు నష్టం అతడిదే.

పెళ్లి ఆల్బమ్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. తెర పచ్చదనాన్ని తక్కువగా చూపితే ఎడిటర్ తెలియకుండానే ఎక్కువ కలుపుతాడు. తెరపై చక్కగా కనిపించిన పెళ్లికూతురి మోము ల్యాబ్ నుంచి అచ్చయి వచ్చేసరికి కామెర్లు సోకినట్లు కనిపిస్తుంది. ల్యాబ్ అనంతపురంలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా అది పంపిన ఫైలునే అచ్చు వేస్తుంది. ఎడిటర్ తెరపై ఏమి కనిపించిందో దానికి తెలియదు.

తెర శక్తిని కొలిచే ప్రమాణం ఎస్‌ఆర్‌జీబీ. హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1996లో రూపొందించిన ఈ వర్ణ పరిధినే ఫోన్లు, వెబ్‌సైట్లు, అనేక ముద్రణ ల్యాబ్‌లు నేటికీ పాటిస్తున్నాయి. ల్యాప్‌టాప్ వివరాల పట్టికలో '100 శాతం ఎస్‌ఆర్‌జీబీ' అని ఉంటే ఆ పరిధిలోని రంగులన్నింటినీ తెర చూపగలదని అర్థం. కొన్ని కంపెనీలు '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని రాస్తాయి. కొత్తవారికి అర్థం కాని ఈ మాట వెనుకనే అసలు సంగతి ఉంది. అటువంటి తెర ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండు వంతుల లోపు రంగులనే చూపగలదు. '72 శాతం ఎన్‌టీఎస్‌సీ' అంటే దాదాపు పూర్తి ఎస్‌ఆర్‌జీబీకి సమానం. ఈ ఒక్క అంకె చూడక గ్రాఫిక్స్ కార్డుకు సొమ్ము ధారపోసినవారే అధికంగా నష్టపోతారు. తక్కువ ధర గేమింగ్ మోడళ్లలో అనేకం 45 శాతం తెరలతో వస్తున్నాయి. పైన పటారం, లోన లొటారం అన్నట్లన్నమాట.

తెర రకం కూడా ముఖ్యమే. టీఎన్ రకం తెరను కాస్త వంచినా రంగు మారిపోతుంది. ఐపీఎస్ రకంలో ఏ వైపు నుంచి చూసినా రంగు చాలావరకు నిలకడగా ఉంటుంది. ఓఎల్‌ఈడీ తెరలలో నలుపు చిక్కగా, రంగులు ఉజ్జ్వలంగా ఉంటాయి. అయితే వాటిని ఎస్‌ఆర్‌జీబీ అమరికలోకి మార్చుకోకుండా పనిచేస్తే తెరపై ధగధగలాడిన ఎరుపు కాగితంపై వెలవెలబోతుంది. కాంతి 300 నిట్స్, అంతకు మించి ఉండటం మంచిది. తెర పరిమాణం 15 లేదా 16 అంగుళాలు, చుక్కల సాంద్రత కనీసం ఫుల్ హెచ్‌డీ ఉండాలి.

మంచి తెర కొన్నంత మాత్రాన పని ముగియదు. కాలం గడిచేకొద్దీ తెర రంగు మారుతుంది. దానిని కొలిచి సరిచేసే కాలిబ్రేటర్ అనే చిన్న పరికరం మార్కెట్లో లభిస్తుంది. ఒక్కరే కొనలేకపోతే పట్టణంలోని నలుగురైదుగురు స్టూడియో నిర్వాహకులు కలిసి కొని వంతులవారీగా వాడుకోవచ్చు. అదీ కుదరనప్పుడు ల్యాబ్ నుంచి ఒక నమూనా ముద్రణ తెప్పించుకుని, అదే ఫైలును తెరపై తెరిచి పక్కపక్కన పోల్చి చూడాలి. గదిలోకి నేరుగా ఎండ పడకుండా తెర కట్టడం, ముదురు రంగు గోడల పక్కన కూర్చోకపోవడం ఖర్చు లేని జాగ్రత్తలు.

మెమరీ కార్డు నుంచి ఆల్బమ్ దాకా

24 మెగాపిక్సెల్ కెమెరాతో తీసిన ఒక్కో 'రా' ఫైలు సుమారు 25 ఎంబీ ఉంటుంది. పెళ్లికి 3,000 చిత్రాలు తీస్తే 75 జీబీ. యూఎస్‌బీ 2.0 మార్గం ద్వారా సెకనుకు 35 ఎంబీ చొప్పున ఎక్కిస్తే ఇందుకు 36 నిమిషాలు పడుతుంది. సెకనుకు 90 ఎంబీ చదివే కార్డు రీడర్‌తో 14 నిమిషాలలో ముగుస్తుంది. ఒకే కార్డును మరునాటి పెళ్లికి ఖాళీ చేయవలసిన వారికి ఈ తేడా ఎంతటిదో తెలుసు.

చిత్రాలు చేరే చోటు ఎస్‌ఎస్‌డీ అయి ఉండాలి. తిరిగే పళ్లెం గల పాత హార్డ్‌డిస్కు సెకనుకు 100 నుంచి 150 ఎంబీ వేగంతో పనిచేస్తే, సాటా ఎస్‌ఎస్‌డీ 500 ఎంబీ దాటుతుంది. ఎన్‌వీఎంఈ రకం అంతకు ఎన్నో రెట్లు వేగవంతం. వందల కొద్దీ చిన్న చిత్రాలను ఒకేసారి తెరపై పరిచి ఏరవలసినప్పుడు ఈ వ్యత్యాసం ప్రస్ఫుటమవుతుంది. పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే మరో రెండేళ్లు గడిపేవారున్నారు.

పరిమాణం విషయంలోనూ లెక్క అవసరం. 512 జీబీ అని రాసి ఉన్న ఎస్‌ఎస్‌డీని విండోస్ సుమారు 476 జీబీగా చూపుతుంది. ఇది మోసం కాదు, లెక్కించే పద్ధతిలో తేడా. అందులో విండోస్‌కు, సాఫ్ట్‌వేర్‌కు పోగా మిగిలిన చోటులో 75 జీబీ చొప్పున నాలుగైదు పెళ్లిళ్లకే నిండిపోతుంది. పూర్తిగా నిండిన ఎస్‌ఎస్‌డీ మందగిస్తుంది. కాబట్టి 512 జీబీ కనీసం, ఒక టీబీ ఉత్తమం. పని పూర్తయిన పెళ్లిళ్లను వేరే డిస్కుకు తరలించాలి.

ప్రాసెసర్ పేరులో మర్మం

'ఐ5 కంటే ఐ7 గొప్ప' అన్న మాట అన్నివేళలా నిజం కాదు. పాత తరం ఐ7 కంటే కొత్త తరం ఐ5 చురుకుగా ఉండవచ్చు. ఇంటెల్ పాత పేర్లలో 1235యు అని ఉంటే మొదటి రెండు అంకెలు 12వ తరాన్ని సూచిస్తాయి. చివరి అక్షరం యు అయితే తక్కువ విద్యుత్తుతో నడిచేది, హెచ్ అయితే ఎక్కువ శక్తి గలది. 2023 డిసెంబరు నుంచి ఇంటెల్ 'కోర్ అల్ట్రా' పేర్లను ప్రవేశపెట్టింది.

ఏఎమ్‌డీ రైజెన్ పేర్లలో మరో చిక్కు ఉంది. 7000 వరుసలో మూడవ అంకె లోపలి నిర్మాణం ఏ తరానిదో చెబుతుంది. 7520యు, 7540యు రెండూ చూపుకు కవలలే. మొదటిది జెన్ 2 అనే పాత నిర్మాణం, రెండవది జెన్ 4 అనే కొత్త నిర్మాణం. అంకె ఒక్కటే తేడా, పనితనంలో వ్యత్యాసం చాలా. ఫొటో పనికి ఆరు కోర్లు, అంతకు మించి ఉన్న ఇటీవలి తరం మధ్యశ్రేణి ప్రాసెసర్ సరిపోతుంది. ఐ5 నుంచి ఐ7కు ఎగబాకేందుకు అయ్యే అదనపు సొమ్మును ర్యామ్‌కో, తెరకో మళ్లిస్తే ఫలితం ఎక్కువ.

గ్రాఫిక్స్ కార్డు ఎవరికి అవసరం?

ఫొటోషాప్‌లో పొరలు పేర్చడం, రంగులు దిద్దడం, కత్తిరించడం వంటి నిత్య పనులకు ఇటీవలి ప్రాసెసర్లలోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్ చాలు. ప్రత్యేక కార్డు అవసరమయ్యే సందర్భాలు రెండున్నాయి. ఒకటి, పెళ్లి వీడియోల కూర్పు. రెండు, మసక వెలుతురులో తీసిన చిత్రాలలోని గరుకుదనాన్ని కృత్రిమ మేధతో తొలగించే పని. లైట్‌రూమ్‌లో 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఇటువంటి సదుపాయం గ్రాఫిక్స్ కార్డుపైనే ఆధారపడుతుంది. వందల చిత్రాలకు ఈ పని చేయవలసినవారికి కార్డు సమయాన్ని ఆదా చేస్తుంది. అప్పుడప్పుడు పది చిత్రాలకు చేసేవారికి మాత్రం దానిపై పెట్టే సొమ్ము అనవసర భారమే. 144 హెర్ట్జ్ వంటి తెర వేగాలు ఆటలు ఆడేవారికే ఉపకరిస్తాయి. నిశ్చల చిత్రానికి వాటితో ప్రయోజనం లేదు.

ఎండ, దుమ్ము, కరెంటు

పెళ్లిళ్లు జోరుగా సాగే వైశాఖ మాసంలోనే అనంతలో ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఆపిల్ సంస్థ తన మ్యాక్‌బుక్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని పేర్కొంటోంది. రేకుల కప్పు గల స్టూడియో మధ్యాహ్నం వేళ ఆ హద్దును సునాయాసంగా మించిపోతుంది. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దరిదాపులకు చేరితే తనను తాను కాపాడుకునేందుకు వేగం తగ్గించుకుంటుంది. అంటే డబ్బు పెట్టి కొన్న వేగం అవసరమైన వేళ అందదు. అతి పలుచని మోడల్ చూపులకు బాగున్నా వేడిని బయటకు పంపే చోటు తక్కువ. ఈ ప్రాంతానికి కాస్త మందంగా ఉండి, రెండు ఫ్యాన్లు, గాలి రాకపోకలకు విశాలమైన రంధ్రాలు ఉన్న మోడలే అనువు.

మంచంపైన, దిండుపైన పెట్టి పనిచేస్తే కింది రంధ్రాలు మూసుకుపోతాయి. చెక్క బల్లపై వెనుక భాగం కాస్త ఎత్తుగా ఉంచాలి. నీటి కూలర్ గాలి నేరుగా యంత్రంపైకి తగలకుండా చూసుకోవాలి. అందులోని తేమ, ఎర్రమట్టి దుమ్ము కలిసి లోపల గట్టిపడతాయి. ఏడాదికొకసారి ముహూర్తాలు లేని మాసంలో లోపలి దుమ్ము శుభ్రం చేయించడం ఉత్తమం. ఆల్బమ్ మొత్తాన్ని ఒకేసారి జేపెగ్‌లుగా మార్చే బరువైన పనిని తెల్లవారుజామున పెట్టుకుంటే యంత్రానికీ మనిషికీ హాయి.

కరెంటు పోయినా బ్యాటరీపై పని కొనసాగడం ల్యాప్‌టాప్‌కున్న సౌలభ్యం. దానికి తగిలించిన పెద్ద హార్డ్‌డిస్కుకు ఆ రక్షణ లేదు. విడిగా కరెంటు తీసుకునే డిస్కుపై రాస్తుండగా విద్యుత్ పోతే ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది. యూఎస్‌బీ ద్వారానే శక్తి తీసుకునే చిన్న డిస్కులు ఇందుకు మేలు. గోడలోని ప్లగ్గుకు సరైన ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. లోహపు మూత గల ల్యాప్‌టాప్‌ను తాకినప్పుడు జివ్వుమనిపిస్తే ఎర్తింగ్ లోపాన్ని అనుమానించాలి.

పాత సరుకు కొనేవారికి

బెంగళూరు ఎస్.పి. రోడ్డు వంటి మార్కెట్లలో కార్యాలయాలు వాడి తీసివేసిన ల్యాప్‌టాప్‌లు తక్కువ ధరకు దొరుకుతాయి. గట్టిదనంలో అవి మేలైనవే. అయితే మూడు అంశాలు పరిశీలించాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 నడవాలంటే ఇంటెల్ 8వ తరం, ఆపై ప్రాసెసర్ దాదాపు తప్పనిసరి. కనుక 6వ, 7వ తరం యంత్రాలు ఎంత చౌకగా వచ్చినా వద్దనడమే మంచిది. రెండవది, బ్యాటరీ తొలినాటి సామర్థ్యంలో ఇప్పుడెంత మిగిలిందో నివేదిక తీయించి చూడాలి. మూడవది తెర. కార్యాలయాల కోసం తయారైన మోడళ్లలో 45 శాతం తెరలు సర్వసాధారణం. అటువంటి యంత్రానికి విడిగా ఒక ఎస్‌ఆర్‌జీబీ మానిటర్ జతచేసుకుంటే మొత్తం ఖర్చు కొత్తదాని కంటే తక్కువలోనే ముగియవచ్చు. స్టూడియోలోనే కూర్చుని పనిచేసేవారికి ఇది పరిశీలించదగ్గ మార్గం.

సాఫ్ట్‌వేర్ ఖర్చును కూడా లెక్కలో చేర్చాలి. ఫొటోషాప్ కొత్త వెర్షన్లు 2013 నుంచి చందా పద్ధతిలోనే లభిస్తున్నాయి. దొంగ కాపీలతో వచ్చే వైరస్‌లు ఫైళ్లన్నింటినీ బంధించి డబ్బు గుంజిన ఉదంతాలు దేశదేశాల్లో ఉన్నాయి. చందా భారమనుకునేవారికి జింప్, డార్క్‌టేబుల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఆల్బమ్‌పై పేర్లు రాసేందుకు పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ వాడేవారు అది కొత్త యంత్రంలో నడుస్తుందో లేదో ముందుగానే నిర్ధారించుకోవాలి.

అప్పు, బిల్లు, వారంటీ

ప్రైవేటు వడ్డీకి పోకముందు బ్యాంకును సంప్రదించడం మంచిది. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజన కింద సేవారంగంలోని చిన్న వ్యాపారాలకు కూడా హామీ లేని రుణాలు ఇస్తారు. శిశు విభాగంలో 50 వేల రూపాయల వరకు, కిశోర్ విభాగంలో ఆపై 5 లక్షల వరకు పరిమితి ఉంది. ల్యాప్‌టాప్‌లపై జీఎస్టీ 18 శాతం. సాధారణ జీఎస్టీ పద్ధతిలో నమోదైన స్టూడియోలు వ్యాపారానికి కొన్న యంత్రంపై చెల్లించిన ఆ పన్నును తాము కట్టవలసిన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. అందుకు స్టూడియో పేరిట సరైన బిల్లు ఉండాలి. బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామన్న మాటకు లొంగితే ఈ వెసులుబాటుతో పాటు వారంటీ కూడా చేజారుతుంది. ఇంటికే వచ్చి మరమ్మతు చేసే వారంటీ ఉందా, సమీప సేవా కేంద్రం ఏ ఊరిలో ఉంది అన్నవి కొనక ముందే అడగాలి. ముహూర్తాల వేళ యంత్రాన్ని పది రోజుల పాటు మరో నగరానికి పంపవలసి వస్తే ఆ నష్టం ఏ రాయితీ వల్లా పూడదు.

మళ్లీ రాని ముహూర్తం

యంత్రం పాడైతే మరొకటి కొనవచ్చు. మూడుముళ్ల క్షణాన్ని మళ్లీ తీయలేము. పెళ్లిలో దీవించిన తాతయ్య మరుసటి ఏటికి లేకపోతే ఆ ఇంటికి మిగిలేది ఆ చిత్రమే. అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇక్కడ శిరోధార్యం. ప్రతి చిత్రానికి మూడు ప్రతులు ఉండాలి, రెండు వేర్వేరు రకాల సాధనాలపై ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. ఆచరణలో ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి స్టూడియోలోని హార్డ్‌డిస్కులో, మరొకటి ఇంటిలో ఉంచిన డిస్కులో లేదా ఆన్‌లైన్ నిల్వలో అన్నమాట. రెండు ప్రతులు పూర్తయ్యే దాకా మెమరీ కార్డును చెరపరాదు. ఏళ్ల తరబడి దాచవలసిన చిత్రాలను హార్డ్‌డిస్కులోనే ఉంచాలి. కరెంటు అందకుండా వేడి గదిలో దీర్ఘకాలం పడి ఉన్న ఎస్‌ఎస్‌డీలోని సమాచారం చెదిరే ప్రమాదం ఉంది. కొనుగోలు సొమ్ములో కొంత భాగాన్ని ఈ డిస్కులకు ముందే కేటాయించాలని చెప్పడానికి కారణమిదే.

దుకాణంలో పది నిమిషాలు

కొనే ముందు పెన్‌డ్రైవ్‌లో తాము తీసిన నాలుగు చిత్రాలు తీసుకెళ్లాలి. ఒకటి తెల్ల పంచె, ఒకటి ఎర్ర అంచు పట్టుచీర, ఒకటి పసుపు పూసిన ముఖం, ఒకటి నల్లని జడలో మల్లెపూలు. అవే చిత్రాల ల్యాబ్ ముద్రణలు చేతిలో ఉంటే మరీ మంచిది. వాటిని తెరపై తెరిచి పోల్చి, పక్కల నుంచి, పై నుంచి చూడాలి. తెల్ల పంచె నీలి ఛాయలో కనిపించినా, జడలోని వెంట్రుకలు నల్లని ముద్దగా మారినా ఆ తెర ఫొటో పనికి తగదు. తరువాత వివరాల పట్టికలో ఎస్‌ఆర్‌జీబీ శాతం, ర్యామ్ 16 జీబీ, ఖాళీ స్లాటు, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ప్రాసెసర్ తరం, కార్డు రీడర్, వారంటీ వరుసగా చూసుకోవాలి. ఇవన్నీ సరిపోయాక ఇంకా సొమ్ము మిగిలితే అప్పుడు గ్రాఫిక్స్ కార్డు గురించి ఆలోచించవచ్చు. మిగలకపోతే చింతించనవసరం లేదు, ఆల్బమ్ పని ఆగదు.